మా ఇంట్లోంచి పోయే దారి

మా అత్తగారికి కోపమొస్తే ఊళ్ళో చొక్కాలకు గుండీలు పట్టవు. ఆవిడ పని కాజాలు కుట్టడం. ఊళ్ళో దర్జీలు చొక్కాలు కుట్టి, కాజాల కోసం మా ఇంటికి పంపుతారు. మనసు బాగున్న రోజు ఆవిడ కుట్టిన కాజాలో గుండీ అడగకుండానే జారిపోతుంది. ఎవరిమీదైనా పళ్ళు నూరుతూ కుట్టిందంటే మాత్రం దారం బిగుసుకుపోతుంది, ఆ చొక్కా తొడుక్కునేవాడు అద్దం ముందు నిలబడి తంటాలు పడాల్సిందే. కాలిబాట కమిటీ వాళ్ళ చొక్కాలన్నీ ఆ ఏడాది అలాగే తయారయ్యాయని మా ఆయన అంటాడు. నేను నమ్మను. అలాగని కాదని ఒట్టేసి చెప్పనూ లేను.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది పాతకాలపు చిన్న ఊరు. కోట గోడ సగం కూలిపోయింది, మిగతా సగం కూలడానికి బద్ధకించి నిలబడింది. వీధులన్నీ సన్నం, సందులు మరీ సన్నం. ఒక వీధిలోంచి ఇంకో వీధికి పోవాలంటే ఊరంతా చుట్టాల్సి వస్తుందని, ఏ కాలంలోనో కొన్ని ఇళ్ళ మధ్యలోంచే జనానికి దారి ఇచ్చారు. ముందు తలుపులో దూరి, నడవలో నడిచి, వెనక తలుపులోంచి బయటపడటమే. అలాంటి ఇళ్ళు ఒకప్పుడు చాలా ఉండేవట. ఇప్పుడు మిగిలింది మాదొక్కటే. ముందు తలుపు పెద్దబజారులోకి, వెనక తలుపు నూతిసందులోకి. ఎడంపక్క వంటిల్లు, దాని వెనక ఒక గది, ఆ రెంటికీ నడవ వైపు తలుపుల్లేవు, పరదాలే. కుడిపక్క పక్కింటివాళ్ళ గోడ.

నాకు ఈ సంగతి పెళ్ళికి ముందు ఎవరూ చెప్పలేదు. కాపురానికొచ్చిన మర్నాడు పొద్దున్నే నడవలో కూర్చుని తల దువ్వుకుంటున్నాను. ఒకాయన గుమ్మంలో దగ్గి, పాలడబ్బాలు కట్టిన సైకిలు తోసుకుంటూ లోపలికొచ్చాడు. "కొంచెం కాళ్ళు ముడుచుకో తల్లీ" అని, నేను ముడుచుకోగానే అటువైపు తలుపులోంచి వెళ్ళిపోయాడు. కెవ్వుమన్నాను. అత్తగారు వంటింట్లోంచి తొంగిచూసింది.

"ఏమైందే?"

"ఎవరో సైకిలేసుకుని ఇంట్లోంచి వెళ్ళిపోయాడు అత్తయ్యా!"

"పాలాయనే. సైకిలు తగల్లేదుగా?" అని మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ దారికి కొన్ని పద్ధతులున్నాయి. ఊళ్ళో పుట్టిన పిల్లలకు నడక వచ్చేసరికి ఇవీ వచ్చేస్తాయి. పొద్దుపొడిచిన దగ్గర్నుంచి వీధిదీపాలు వెలిగేదాకా రెండు తలుపులూ బార్లా తెరిచి ఉంచాలి. నడిచేవాణ్ణి ఇంటివాళ్ళు ఆపకూడదు. నడిచేవాడు ఆగి వంటిల్లు చూడకూడదు. మధ్యలో కూర్చున్నాడా, ఇంక వాడు దారినపోయేవాడు కాదు, చుట్టం. చుట్టం ఏ తలుపులోంచి వస్తే ఆ తలుపులోంచే వెళ్ళాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. బయటివాళ్ళు ఒక్కరు కూడా ఏడాది పొడుగునా ఈ తలుపునుంచి ఆ తలుపుకు నడవకపోతే ఊరికి ఆ దారి మీద హక్కు పోతుంది. నడవ ఇంటివాళ్ళదే. తలుపులు వేసుకుంటారో, గోడ కట్టుకుంటారో వాళ్ళిష్టం. బేకరీవాళ్ళ ఇంటి దారి అలాగే పోయిందని చెబుతారు. ఆ ఏడు వాళ్ళింట్లో కరిచే కుక్క ఉండేదట.

మా అత్తగారికి జీవితంలో ఒక్కటే కోరిక. పగలు తలుపు వేసుకోవాలి. నవ్వకండి. ఆవిడ ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటినుంచి పట్టపగలు తలుపు వేసి ఎరగదు. వెనక గదిని మా పెళ్ళయ్యాక మాకిచ్చేసి, తను నడవలో మడతమంచం వేసుకుంది. పొద్దున పాలాయన దగ్గు వినబడేలోగా మంచం మడిచి గోడకు చేర్చాలి. కాజాలు కుట్టేదీ అక్కడే, అన్నం తినేదీ అక్కడే, జలుబు చేసి మూలిగేదీ అక్కడే. వెళ్ళేవాళ్ళు వెళ్తూ "మిరియాలు వేసుకుని తాగమ్మా" అని సలహాలిచ్చి పోతారు.

"చచ్చేలోగా ఒక్కరోజు రెండు గడియలూ వేసుకుని కూర్చోవాలే" అనేది నాతో.

"వేసుకుని ఏం చేస్తారత్తయ్యా?"

"నీకెందుకు?" అనేది.

ఇలా ఉండగా మాస్టారు ఊడిపడ్డారు. ఆయన బళ్ళో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. రిటైరైనవాళ్ళు మామూలుగా అరుగుమీద కూర్చుంటారు. ఈయన మాత్రం కాలికి బలపం కట్టుకుని ఊరంతా తిరిగి, గడియారస్తంభం నుంచి కోట గుమ్మందాకా పాత వీధులన్నీ కలుపుతూ ఒక కాలిబాట వెయ్యాలని పట్టుబట్టారు. కమిటీ పెట్టారు. పైనుంచి అనుమతులు తెచ్చారు. బాణం గుర్తు చెక్కిన రాళ్ళు దారిపొడుగునా నేలలో పరిపించారు. పైఊళ్ళవాళ్ళు ఆ బాణాలు చూసుకుంటూ నడిచి, మన ఊరు చూసి నోరెళ్ళబెట్టాలని ఆయన ఆశ. ఆ బాటకంతా మా నడవే పతకమని కనబడినవాళ్ళందరికీ చెప్పేవారు.

"పతకమే. మోసేది నేను" అంది అత్తగారు. ఆ వారం కాజాలు చూడాలి!

మా ముందు గుమ్మం దాకా బాణం రాళ్ళు వచ్చేశాయి. వెనక నూతిసందులో కూడా పరుద్దామని తవ్వారు. తవ్వగానే నీళ్ళ గొట్టం పగిలింది. గొట్టం బాగుచేయడానికొచ్చినవాళ్ళు ఇంకాస్త లోతుకు పోతే, అడుగున ఒక నున్నటి బండ బయటపడింది. మాస్టారికి ఏనుగెక్కినంత సంబరం. అది ఏ పాత కట్టడానిదో మెట్టు అయ్యుంటుంది, అలాంటివాటి సంగతి తెలిసినవాళ్ళు వచ్చి చూసేదాకా పలుగు తగలకూడదన్నారు. గొయ్యి చుట్టూ రేకులు పాతించారు. ఆ రేకులు సరిగ్గా మా వెనక గుమ్మానికి అడ్డం. తెలిసినవాళ్ళు ఇదిగో వస్తున్నాం, అదిగో వస్తున్నాం అన్నారు. ఎండలు పోయాయి, వానలు పోయాయి, వాళ్ళు రాలేదు. జనం బేకరీ వైపునుంచి చుట్టూ తిరిగిపోవడం అలవాటు చేసుకున్నారు.

మేం మాత్రం రెండు తలుపులూ రోజూ తెరిచే ఉంచాం. అత్తగారు తనే లేచి తెరిచేది. ఎదురుగా రేకులు తప్ప ఏమీ లేవు. ఆ రేకుల్ని చూసి ఆవిడ ముసిముసిగా నవ్వుకోవడం మొదట్లో నాకు అర్థం కాలేదు. తర్వాత ఒకరోజు వంటింట్లో నా చెవిలో చెప్పింది.

"సందు తవ్వింది మీ పోయిన పెళ్ళిరోజు నాడు. గుర్తుందా?"

"గుర్తుంది. మీ అబ్బాయికే గుర్తులేదు."

"వాడికి ఈసారి నేను గుర్తుచేస్తాలే. ఆ రోజు పొద్దున పాలాయన దాటాడు. ఆ తర్వాత ఎవరూ దాటలేదు. ఈసారి మీ పెళ్ళిరోజు వచ్చి దీపాలు వెలిగితే..." అని ఆగిపోయింది. చెయ్యి నా మోచేతిని గట్టిగా పట్టుకుంది. ఆవిడ కళ్ళలో అంత ఆశ నేనెప్పుడూ చూడలేదు. నవ్వబోయి మానేశాను.

చివరికి తెలిసినవాళ్ళు వచ్చారు. బండను అటూ ఇటూ చూసి, ఇది మెట్టూ కాదు గిట్టూ కాదు, ఎవరో బట్టలుతుక్కున్న బండ అని చెప్పి, టీ తాగి వెళ్ళిపోయారు. మాస్టారు రెండ్రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదట. మూడోరోజున లేచి, గొయ్యి పూడ్పించి, రాళ్ళు పరిపించి, ఆదివారం బాట మొదలుపెడుతున్నామని దండోరా వేయించారు. శనివారం పొద్దున్నే రేకులు పీకేశారు. ఆ శనివారమే మా పెళ్ళిరోజు.

ఒక్క పూట ఆగి ఉంటే సరిపోయేది. మా కొంప ముంచడానికే పీకారు ఆ రేకులు!

కొంపలో సగం మా ఆయనే ముంచాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. వాళ్ళమ్మ పెళ్ళిరోజు గుర్తుచేసిందని సంతోషపడి, నాకు పూలు తెస్తానని బజారుకెళ్ళి, టీకొట్టు దగ్గర "ఇవాళ దీపాలు పెడితే మా నడవ మాదే" అని చెప్పేసి వచ్చాడు. పూలు మర్చిపోయాడు. ఆయన ఇంటికి చేరేలోగా కబురు మాస్టారికి చేరింది.

"తలుపులు మూసేద్దాం అత్తయ్యా" అన్నాను.

"మూస్తే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఆపినా అంతే." ఆవిడ ఉన్నట్టుండి లేచింది. "కుర్చీలు పట్రా."

"ఎన్ని?"

"ఎన్నుంటే అన్ని. పక్కింటివాళ్ళవి కూడా."

నడవ పొడుగునా గోడవారగా కుర్చీలు, పీటలు, మడతమంచం, చివరికి బియ్యం డబ్బా కూడా వేశాం. మధ్యలో మనిషి పట్టేంత దారి వదిలాం. మేం ఎవర్నీ ఆపలేదు. ఆ మాట ఎవరడిగినా చెబుతాను. మా అత్తగారితో మాట్లాడి, కూర్చోకుండా వెళ్ళిన మనిషి ఇంకా పుట్టలేదంతే.

మొదట పాలాయన వచ్చాడు. గుమ్మంలోనే "నాకేం తెలీదమ్మా, మాస్టారు వెళ్ళమన్నారు" అన్నాడు.

"వెళ్ళన్నయ్యా, నేనేం వద్దన్నానా? మీ అమ్మాయి పురుడు పోసుకుందటగా. ఎవరు పుట్టారు?"

"మనవరాలు!" అన్నాడు. అంతే. సైకిలు గోడకు ఆన్చాడు. ఎవరి పోలికో చెప్పాలి కదా, కూర్చున్నాడు.

తర్వాత ఎదురింటి దర్జీ వదిన వచ్చింది. ఆవిడ ఘటికురాలు, మాటల్లో పడదు. చకచకా సగం నడవ దాటేసింది. అత్తగారు తలెత్తకుండానే "వదినా, నువ్వు నిన్న పంపిన చొక్కాలో పట్టీ వంకర పోయింది. నేనైతే ఎవరికీ చెప్పలేదనుకో" అంది. దర్జీ వదిన గిరుక్కున వెనక్కి తిరిగింది. "వంకరా? నా పట్టీయా? ఏదీ, ఇటివ్వు!" చొక్కా ఒళ్ళో పరుచుకుని చూడాలంటే కూర్చోక తప్పదు మరి.

కమిటీ టోపీ పెట్టుకుని పైఊరి పెద్దమనిషొకాయన దిగాడు. ఆయనకు మా ఊరి కబుర్లేవీ పట్టవు, ఈయన దగ్గర అత్తగారి పప్పులుడకవనుకున్నాను. ఆవిడ ఆయన పొట్టకేసి చూసి, "అయ్యో, ఆ గుండీ ఒక్క పోగు మీద వేలాడుతోంది. రేపు సభలో ఊడిందంటే ఫోటోలో పడుతుంది" అంది. ఆయన కిందికి చూసుకుని కంగారుపడ్డాడు. "నిమిషం పని, కూర్చోండి బాబూ." కూర్చున్నాడు. ఆవిడ కుట్టి, దారం పళ్ళతో తెంపి, "ఇంక మీరు మా చుట్టం" అంది. కుర్చీల్లోవాళ్ళందరూ గొల్లున నవ్వారు.

మధ్యలో పక్కవీధి నల్లకుక్క ముందు తలుపులోంచి వచ్చి, కుర్చీల మధ్యగా నడిచి, వెనక తలుపులోంచి దర్జాగా వెళ్ళిపోయింది. నడవంతా గందరగోళం. కుక్క నడిస్తే నడిచినట్టేనా? నడిచినట్టేనని గుండీ పెద్దమనిషి, కాదని పాలాయన. "అది ఊళ్ళోది కాదా మరి?" అని ఒకరు. "అయితే దానికి దారి హక్కు మీరే ఇప్పించండి, రేపు దాన్నే పిలిచి బాట మొదలెట్టించండి" అని నేను గయ్యిమన్నాను. కుక్క లెక్కలోకి రాదని తేలింది.

సాయంత్రానికి కుర్చీలన్నీ నిండాయి. మళ్ళీ మళ్ళీ టీ పెట్టి నా తల ప్రాణం తోకకొచ్చింది. చుట్టాలెవరూ లేవలేదు. వాళ్ళకిక కబుర్లు కాదు కావాల్సింది, మాస్టారు వచ్చి ఏం చేస్తారో చూడాలి.

వీధిలో ఎండ పోయి గోడల మీద కాస్త మిగిలినప్పుడు వచ్చారు మాస్టారు. చేతికర్ర గుమ్మం మీద పెట్టి, దగ్గి, లోపలికి అడుగుపెట్టారు. గోడవారగా అందరూ కాళ్ళు ముడుచుకున్నారు.

"చెల్లెమ్మా, నేను కూర్చోను. ముందే చెబుతున్నా" అన్నారు.

"నేను కూర్చోమన్నానా మాస్టారూ?" అంది అత్తగారు. గొంతులో పొద్దుటి హుషారు లేదు.

ఆయన మెల్లగా నడిచి నడవ మధ్యకు వచ్చారు. ఇంకో పదడుగులు వేస్తే వెనక తలుపు. కానీ ఆగారు. చెప్పకుండా దాటిపోవడం ఆయనకు చేతకాలేదు.

"ఇది మీ మీద పంతం కాదమ్మా. ఊళ్ళో ఇలాంటి దారి ఇదొక్కటే మిగిలింది. పలక పట్టుకుని ఇందులోంచే బడికి పరిగెత్తేవాణ్ణి. మీ అత్తగారు 'ఒరేయ్, మెల్లగా' అని అరిచేది. ఇది కూడా పోతే పైఊళ్ళనుంచి వచ్చినవాళ్ళకు నేనేం చూపించను? మూసిన తలుపులు చూపించనా?" నాకు ఆయన మీద ఉన్న కోపం అక్కడే సగం చచ్చింది, ఏం చేయను.

అత్తగారు సూదిని బట్టకు గుచ్చి పక్కన పెట్టింది.

"మీరు నడిచారు మాస్టారూ. మీకది దారి. నేను నడిచిందెప్పుడు? నేనిక్కడ ఉన్నాను." ఆవిడ పరదా వైపు చూపించింది. "మా ఆయన పోయిన మూడోనాడు ఈ పరదాలో మొహం పెట్టుకుని ఏడుద్దామనుకున్నా. ఎవరో దగ్గారు. మొహం తుడుచుకున్నా. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ మొదలెడదామంటే ఇంకెవరో వచ్చి, 'అమ్మా, నా చొక్కా అయిందా' అన్నారు. అయిందని తీసిచ్చా. రేపు ఏడుద్దాంలే అనుకున్నా. రేపూ అంతే. రాత్రి తలుపులేసాక ఏడుద్దామంటే పిల్లాడు ఉన్నాడు, బెంగ పెట్టుకుంటాడు. నేనెవర్నీ తప్పుపట్టట్లేదు. అందరూ మంచివాళ్ళే, అందరూ అయ్యో అనే వెళ్ళారు. కానీ నా ఏడుపు అలా వాయిదా పడుతూ పోయి, ఇప్పుడెక్కడుందో నాకే తెలీదు. వెతుక్కోవాలి. దానికి తలుపు వేసుకోవాలి మాస్టారూ. ఇంకేం లేదు."

కుర్చీల్లో ఉన్నవాళ్ళందరూ తలలు వంచి ఎవరి చొక్కా వాళ్ళు చూసుకున్నారు. మా ఆయన వంటింటి గుమ్మంలో టీగ్లాసుల పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

మాస్టారు వెనక తలుపు వైపు చూశారు. బయట కొత్తగా పరిచిన రాళ్ళు కనబడుతున్నాయి, వాటి మీద బాణం గుర్తులు. చాలాసేపు చూశారు. తర్వాత నావైపు తిరిగారు.

"అమ్మాయ్, కుర్చీ ఇటు జరుపు."

కుర్చీలు ఖాళీ లేవు. పాలాయన గబుక్కున లేచి తనది ఇచ్చాడు.

"ఈ మోకాళ్ళతో అటుదాకా ఎక్కడ నడుస్తాను" అంటూ మాస్టారు కూర్చున్నారు. ఆ మోకాళ్ళతోనే ఆయన పొద్దున కోట గుమ్మందాకా వెళ్ళి వచ్చారని అక్కడున్న అందరికీ తెలుసు.

అత్తగారు నీళ్ళు తెచ్చి ఇవ్వబోయింది. తొందరలో సగం ఆయన ఒళ్ళో పోసింది. ఆయన "ఫరవాలేదమ్మా, ఫరవాలేదు" అంటుండగానే వీధిదీపం వెలిగింది. చుట్టాలందరూ లేచి, వచ్చిన తలుపులోంచే ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున కాఫీ తాగాక అత్తగారు మా ఇద్దరికేసి చూసింది. ఆవిడ అడగకముందే నేను మా ఆయన్ని రెక్క పట్టుకుని లేవదీశాను. వంటింటికి పక్కసందులోకి చిన్న తలుపుంది, అందులోంచి బయటికొచ్చి, వీధి మలుపులో అరుగుమీద కూర్చున్నాం. ముందు తలుపు గడియ పడింది. కాసేపటికి వెనక తలుపుదీ పడింది. ఆ చప్పుడు కొత్తగా ఉంది. పట్టపగలు తలుపులేసుకుంటే మా ఇల్లు ఎలా ఉంటుందో నేనూ అప్పుడే చూడటం.

ఎండ ఎక్కేసరికి మాస్టారు జనాన్ని వెంటబెట్టుకుని బాణాలమీదుగా వచ్చారు. పైఊళ్ళవాళ్ళు, కెమెరాలు, గుండీ పెద్దమనిషి, సగం ఊరు. బాణం నేరుగా మా మూసిన తలుపులోకి చూపిస్తోంది. ఎవరో ఒకామె అడిగింది.

"ఇటు వెళ్ళాలని ఉంది కదండీ, లోపల ఏముంది?"

మాస్టారు జవాబు చెప్పబోతుండగా లోపల్నుంచి ఏడుపు వినిపించింది. మొదట సన్నగా, తర్వాత గొంతు విడిచి. అంతమంది ఒక్కసారిగా ఆగిపోయారు. మా ఆయన లేవబోయాడు. చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టాను. నా కళ్ళూ ఆగలేదు.

"లోపల మనిషుంది" అన్నారు మాస్టారు గొంతు తగ్గించి. "చప్పుడు చెయ్యకుండా రండి, చుట్టూ తిరిగి వెళ్దాం."

ఆయన కర్ర నేలకు ఆన్చకుండా చేత్తో ఎత్తిపట్టుకుని బేకరీ వైపు నడిచారు. మాట్లాడకుండా అందరూ ఆయన వెనకే వెళ్ళారు.